ఆ తూర్పు పక్క పదడుగులు

వేటపాలెం
ఆదివారం పొద్దున

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సొంత ఊళ్ళో ఇల్లు కట్టుకుంటున్నారన్న సంతోషం ఒక పక్క, మేస్త్రీ అన్న మాట ఇంకో పక్క. "స్థలమంతా ఒట్టి ఇసకండీ, రెండడుగులు ఎర్రమట్టి తోలి మెరక చేసేద్దాం" అన్నాడట. నువ్వు సరేనన్నావు. ముందు భాగంలో కార్పెట్ గడ్డి పరిపిస్తే బాగుంటుందని అల్లుడుగారూ అన్నారు. మీ ఇద్దరి మీదా నాకు కోపమేమీ లేదు. ఇసుక నేలను చూసినవాళ్ళెవరైనా ముందు అలాగే అనుకుంటారు. కానీ నేను చెప్పాల్సింది ఫోనులో తెమిలేది కాదు. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఇల్లు లేచే చోట ఎంత మట్టి కావాలంటే అంత తోలించండి. కారు పెట్టే చోటా, వంటింటి వెనకా మీ ఇష్టం. తూర్పు ప్రహరీ వెంట పదడుగుల వెడల్పున, గేటు దగ్గర్నుంచి చివర తాటిచెట్టు దాకా ఉన్న ముక్కను మాత్రం వదిలెయ్యి. దాని మీద ఒక్క తట్ట మట్టి కూడా పడకూడదు. స్థలం నీకు రాసిచ్చేటప్పుడు నేను ఏ షరతూ పెట్టలేదు. ఇప్పుడు అడుగుతున్నది ఇదొక్కటే.

అక్కడ ఏముందని నువ్వు అడగొచ్చు. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు ఆ గోడ పక్కనే కుర్చీ వేసుకుని తల ఆరబెట్టుకున్నావు. నీకు ఎండిన గడ్డి, నాలుగు వెంపలి మొక్కలు, పల్లేరుకాయలు కనిపించి ఉంటాయి. ఆ రోజే పొద్దున నీ కొడుకు నా వేలు పట్టుకుని అక్కడ తిరిగాడు. ఒక్కసారిగా వంగి కూర్చుని "తాతా, ఆకాశం ముక్కలు పడ్డాయి" అన్నాడు. వాడు చూసినవి విష్ణుక్రాంత పూలు. నువ్వు వచ్చేసరికి పన్నెండు దాటింది, పూలన్నీ ముడుచుకున్నాయి. ముడిస్తే ఇక అవి ఉన్నట్టే తెలియదు. పొద్దున వేళ ఈ నేలను చూడనివాళ్ళకు ఇది ఒట్టి ఇసుకే.

ఆ పువ్వు సంగతి కాస్త చెప్పనివ్వు. మన చొక్కా గుండీ అంత కూడా ఉండదు. అయిదు రేకులు విడివిడిగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ నిజానికి ఒకటే రేకు, చిన్న గొడుగులా విచ్చుకుంటుంది. నీలం రంగు, నడిమధ్య తెల్లటి చుక్క. దారప్పోగంత సన్నటి కాడ చివర, ఆకు మొదట్లోంచి ఒకటో రెండో పూస్తాయి. సూర్యుడు కాస్త పైకొచ్చాక విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వు బతుకు ఒక్క పూటే. మర్నాటికి పక్క మొగ్గ సిద్ధంగా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే పువ్వు మధ్యలోంచి రెండు తంతువులు లేచి, ఒక్కొక్కటి మళ్ళీ రెండుగా చీలి కనిపిస్తాయి. బుడ్డోడికి అది చూపించాను. "నాలుగు మీసాలు" అని లెక్కపెట్టాడు.

ఆకులు చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. వేలిగోరంత పొడుగు, పైనా కిందా సిల్కు లాంటి నూగు. ఎండలో ఆ నూగు వల్లే మొక్క బూడిద పచ్చగా కనిపిస్తుంది. ఆ నూగు ఊరికే అందానికి కాదు. గాలి నేరుగా ఆకుకు తగలకుండా ఆపుతుంది, ఎండను కొంత వెనక్కి కొడుతుంది, ఆకులోని తడి తొందరగా ఎగిరిపోకుండా చూస్తుంది. ఈ మొక్క తీగల కుటుంబంలోదే. చిలగడదుంప, తూటికూర, కాశీరత్నం, మన సముద్రపు ఒడ్డున ఇసుక మీద పాకే బాలబందు తీగ, అన్నీ దీని బంధువులే. అవన్నీ చుట్టుకునేవో పాకేవో. ఇది మాత్రం దేన్నీ చుట్టుకోదు. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీన్ని చుట్టుకునే తీగల జాతిలోనే రాశాడు. తర్వాత 1762లో విడదీసి ఎవాల్వులస్ అని వేరే జాతి కింద పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు చుట్ట విప్పుకున్నది అని అర్థం. మన ఊరి గ్రంథాలయం సారస్వత నికేతనంలో కూర్చుని ఇదంతా చదివిన రోజు నేను ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పాను. "మీకిప్పుడు తెలిసిందా, నాకు చిన్నప్పుడే తెలుసు, దీనికి పందిరి అక్కర్లేదని" అంది.

వినాయక చవితికి మనం పెట్టే ఇరవయ్యొక్క పత్రిలో ఇది పదకొండోది. "భిన్నదంతాయ నమః, విష్ణుక్రాంత పత్రం పూజయామి" అని నువ్వు చిన్నప్పుడు గొంతెత్తి చదివేదానివి. అప్పుడు నీ చేతిలో ఉన్నది నిజంగా విష్ణుక్రాంత ఆకే. మీ నాయనమ్మ చవితి ముందు రోజు పొద్దున్నే ఈ స్థలానికి వచ్చి తెచ్చేది. ఆమెకో పద్ధతి ఉండేది. వేరుతో ఎప్పుడూ పీకేది కాదు. ఒక్కో మొక్క దగ్గర ఒక్క రెమ్మ, అదీ గోటితో గిల్లి తీసుకునేది. "వేరు పీకితే వచ్చే ఏడు దేవుడికి ఏం పెడతావు?" అని నా చేతి మీద ఒకటి వేసింది కూడా. ఇప్పుడు బజారులో పత్రి కట్టలు చూస్తున్నాను. ఉంటే వేళ్ళతో సహా పీకినవి ఉంటాయి, లేకపోతే విష్ణుక్రాంత పేరుతో ఇంకేదో ఆకు ఉంటుంది. పోయిన చవితికి నువ్వు హైదరాబాదులో కొన్న కట్ట ఫొటో పంపావు గుర్తుందా? అందులో ఇది లేదు. పండగ పూట నీ మనసు కష్టపెట్టడం ఎందుకని అప్పుడు చెప్పలేదు.

పేరు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. శంఖపుష్పాన్ని, అదే పందిరి మీద పాకి పెద్ద నీలం పూలు పూసే తీగను, కొందరు విష్ణుక్రాంత అంటారు. మూలికల వాళ్ళలో కొందరు మన మొక్కనే శంఖపుష్పి అని జ్ఞాపకశక్తికి వాడతారు. కేరళలో దశపుష్పాలని పది రకాలు ఉన్నాయి, వాటిలో విష్ణుక్రాంతి అంటే మన మొక్కే. ఇక నర్సరీల్లో ఇంకో చిక్కు. రెండేళ్ళ కింద ఒక నర్సరీలో విష్ణుక్రాంత ఉందంటే ఆశగా వెళ్ళి ఆరు మొక్కలు తెచ్చాను. రూపాయి బిళ్ళంత పూలు, దళసరి ఆకులు. చూడ్డానికి బాగుంది, కానీ అది బ్లూ డేజ్ అనే దక్షిణ అమెరికా మొక్క. ఇదే జాతి, వేరే రకం. నీళ్ళు పెట్టినన్నాళ్ళూ పూసింది. వేసవిలో మేము పది రోజులు మీ దగ్గరికి వచ్చి వెళ్ళేసరికి ఆరూ మాడిపోయాయి. గోడ పక్క మన మొక్కలకు ఆ పది రోజులు కాదు, నాలుగు నెలలు ఎవరూ చుక్క నీరు పొయ్యలేదు.

ఆ గోడ పక్క ఇవి ఎలా వచ్చాయో నీకు తెలియదు. నాయనమ్మ పోయాక మేకలూ బండ్లూ తిరిగి, ప్రహరీ కట్టినప్పుడు తవ్విపోసి, మొత్తం పోయాయి. మూడు నాలుగేళ్ళు ఒక్కటి కూడా కనిపించలేదు. సర్వితోటల అవతల గట్టు మీద ఉన్నాయని తెలిసి, శ్రావణంలో ఒక రోజు గడ్డపారా బకెట్టూ పట్టుకుని వెళ్ళాను. పెద్ద పెద్దవి చూసి పదిహేను మొక్కలు తవ్వి తెచ్చి నాటాను. వారానికల్లా పదిహేనూ ఎండిపోయాయి. అప్పుడు నాకు అర్థం కాలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక్క మొక్కను మాత్రం ఓపిగ్గా, చేత్తో ఇసుక తీసుకుంటూ తవ్వాను.

ఆ తవ్వకం నా కళ్ళముందు ఇంకా ఉంది. పైన బెత్తెడు ఇసుక వేడిగా, పొడిగా, వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. పైన మొక్క జానెడే. దాని మొదలు మాత్రం నేల లోపల పుల్లలా గట్టిపడి ఉంది, అక్కడి నుంచే పది పన్నెండు సన్నటి కొమ్మలు నలువైపులా పరుచుకున్నాయి. ఆ మొదలు కింద ఒకటే వేరు, అగ్గిపుల్లంత లావు, నిటారుగా దిగిపోతోంది. జానెడు తవ్వాను, ఇంకా ఉంది. మూరెడు తవ్వాను, ఇంకా ఉంది. అక్కడ ఇసుక రంగు మారింది. ముదురు రంగు, చల్లగా, పిడికిట పడితే ముద్దగా నిలబడేంత తడి. రెండు వారాలుగా వాన లేదు. అయినా మూరెడు లోతున తడి ఉంది, వేరు ఆ తడిలో ఉంది. మొదటిసారి నేను బెత్తెడు లోతున గడ్డపార వేసి ఆ వేరును తెంపేశానన్నమాట. మొక్కను తెచ్చాననుకున్నాను గానీ దాని నోరు అక్కడే వదిలేసి వచ్చాను. ఆ గుంటను మళ్ళీ ఇసుకతో పూడ్చి, ఆ మొక్కను అక్కడే ఉంచి, కాయలు మాత్రం ఏరుకుని వచ్చాను.

ఇసుక ఒట్టిదని అంటారే, అదే నాకు బాధ. ఇసుకలో నీరు నిలవదు, నిజమే. పోసిన నీరు పోసినట్టు దిగిపోతుంది. కానీ దిగిన నీరు ఎక్కడికో పోదు కదా. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి కాబట్టి, పై పొర ఒకసారి ఎండిందంటే కింది తడి పైకి ఎగబాకలేదు. ఎండిన ఆ పై పొరే కింది తడికి మూతలా పనిచేస్తుంది. నల్లరేగడి అయితే బీటలు తీసి లోపలి తడిని కూడా ఎండకు అప్పజెపుతుంది. కాబట్టి పైపైన వేళ్ళు పరిచే గడ్డికి ఈ నేల పస్తు పెడుతుంది, లోతుకు వేరు దించే దానికి అన్నం పెడుతుంది. మన పెద్దవాళ్ళు ఇక్కడ తాటి, జీడిమామిడి, సర్వి, వేరుశనగ పెట్టుకుని బతికింది ఈ లెక్క తెలిసే.

కార్పెట్ గడ్డి సంగతికి వస్తాను. అది ఈ నేలలో బతకాలంటే రోజూ నీళ్ళు కొట్టాలి. ఎక్కడి నుంచి కొడతారు? బోరు నుంచే కదా. మన దొరువు, ఇసుకలో తవ్విన ఆ నీటిగుంట, గుర్తుందా? నీ చిన్నప్పుడు తోటలో చేత్తో ముంచుకుని తాగేవాళ్ళం. సముద్రం ఇంత దగ్గర ఉన్నా ఆ నీరు తియ్యగా ఎందుకుండేదంటే, వాన నీరు ఇసుకలో దిగి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. పైనుంచి నెమ్మదిగా ముంచుకుంటే ఎన్నాళ్ళయినా తియ్యటి నీరే. మోటారు పెట్టి ఎడతెగకుండా లాగితే కింది ఉప్పు పైకి ఎక్కుతుంది. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు దొరువుల్లో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి పైతేట నీరు మాత్రమే తోడే పద్ధతి తయారుచేసింది ఇందుకే. గడ్డి కోసం బోరును పిండితే, రేపు మీ వంటింట్లో కుళాయి నీరే ఉప్పెక్కుతుంది.

ఎర్రమట్టితో ఇంకో సంగతి ఉంది. ఆ మట్టి ఒక్కటే రాదు. పక్క స్థలం వాళ్ళు మూడేళ్ళ కింద మెరక చేయించారు. ఆ తొలకరికే వయ్యారిభామ మొలిచింది. అంతకుముందు మన వీధిలో ఆ మొక్క లేదు. తుంగ గడ్డలు కూడా ఆ మట్టిలోనే వచ్చాయి, ఇప్పటికీ పీకుతూనే ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా. ఆ వానకు వాళ్ళ మెరక మీద నీరు నాలుగైదు రోజులు నిలబడి బురదైంది. మన గోడ పక్క రెండో రోజుకే అడుగు దిగబడకుండా నడిచాను. తుపాను వెళ్ళిన పది రోజులకు విష్ణుక్రాంత పూత విరగబడింది. ఆ పదడుగులూ నీలం చీర ఆరేసినట్టుంది. ఫొటో తీశాను గానీ ఫొటోలో ఆ రంగు రాలేదు.

ఇప్పుడు అసలు పని చెబుతాను. ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం పెడుతున్నాను. అందులో గింజలున్నాయి, పుష్యమాసంలో ఏరినవి. ఆ మొక్కలకు ఇల్లు కట్టే హడావిడిలో ఏదైనా జరిగితే మళ్ళీ మొదలుపెట్టడానికి ఇవి నీ దగ్గర ఉండాలి. కాయ మిరియం గింజంత కూడా ఉండదు. పువ్వు రాలాక కాడ కిందికి వంగుతుంది, కాయ ఎండుగడ్డి రంగుకు వస్తుంది. అరచేతిలో పెట్టి బొటనవేలితో నొక్కితే నాలుగు పలుకులుగా చీలుతుంది. లోపల నాలుగు గింజలు, ఒక్కోసారి మూడో రెండో. ఆవగింజ కన్నా కాస్త చిన్నవి, నున్నగా ఉంటాయి. కాయ పచ్చిగా ఉండగా కోస్తే గింజ పండదు, ఒక్క రోజు ఆలస్యం చేస్తే ఇసుకలో రాలిపోతుంది. ఈ పొట్లం నింపడానికి నాకూ మీ అమ్మకూ పదకొండు పొద్దులు పట్టింది. జాగ్రత్తగా దాచు.

వీటిని అలాగే చల్లితే మొలవవు, లేదా ఎప్పుడో రెండేళ్ళకు ఒకటీ అరా మొలుస్తాయి. పైపొర నీటిని లోపలికి రానివ్వదు. మొదటి జల్లుకే మొలిచి, ఆ వెంటనే ఎండ కాస్తే మొలక చస్తుందని వాటికి అలాంటి కట్టుదిట్టం. రెండు సాండ్ పేపర్ ముక్కల మధ్య గింజలు పోసి, మెత్తగా, పప్పు నలిపినట్టు పది పన్నెండుసార్లు రుద్దు. నున్నటి మెరుపు పోయి మసకబారితే చాలు, చిట్లకూడదు. రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో నానెయ్యి. పొద్దునకు కొన్ని ఉబ్బి కనిపిస్తాయి, అవి సిద్ధమైనట్టు. ఉబ్బనివి మళ్ళీ రుద్దు.

చల్లే రోజు ముఖ్యం. మృగశిరలో మొదటి జల్లు పడగానే తొందరపడొద్దు, ఆ తర్వాత మళ్ళీ ఎండలు తిరగబెడతాయి. ఆరుద్ర కార్తెలో నేల జానెడు లోతు తడిసే వాన పడ్డాక చల్లు. గింజల్ని పిడికెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకచోటే కుప్పపడవు. పైన గోరు మందం ఇసుక, అంతే. మొదటి మూడు వారాల్లో వాన పడని రోజున చిల్లుల డబ్బాతో సాయంత్రం పూట చిలకరించాలి. మూడో వారం దాటాక రోజు విడిచి రోజు, తర్వాత నాలుగు రోజులకోసారి, తర్వాత మానెయ్యి. పైన తడి దొరుకుతుంటే వేరు కిందికి దిగదు. మానేసిన వారం మొక్క కాస్త వాడినట్టు కనిపిస్తుంది. నీ చెయ్యి ఆగదు, నాకూ ఆగలేదు. ఆగాలి. నాటిన మొక్కలు చచ్చిన తర్వాతి ఏడు మొలకలకు నేను రోజూ నీళ్ళూ, పైన పశువుల ఎరువూ వేశాను. మూరెడు కొమ్మలు వేసి పచ్చగా కళకళలాడాయి, పూలు మాత్రం అక్కడక్కడే. ఎరువు బలానికి గరిక కమ్ముకుంది. కార్తీకం ముసురుకు మొదళ్ళు కుళ్ళి సగం పోయాయి. ఆ మిగిలిన సగానికి ఏమీ చెయ్యకుండా వదిలేశాను. బుడ్డోడు చూసినవి వాటి పిల్లలు.

కాబట్టి ఎరువు వద్దు, వర్మీ కంపోస్టూ వద్దు. చెయ్యాల్సిన పని ఒకటే, గరికను పెరగనివ్వకుండా ఏరడం. అదీ వాన పడిన మర్నాడు, వేలితో లాగితే వచ్చేస్తుంది. వెంపలిని ఉండనియ్యి, అది వీటిని ఏమీ అనదు.

వేసవిలో చూసి బెంగపడొద్దు. చైత్రం వచ్చేసరికి కొమ్మలు ఎండి పుల్లలవుతాయి. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండల్లో అక్కడ ఏమీ ఉండదు, ఒట్టి ఇసుకే. చచ్చిపోయాయని ఎవరైనా ఊడ్చేసి తగలబెడతారేమోనని నా భయం. మొదలు లోపల బతికే ఉంటుంది. తొలకరి పడ్డ వారానికి ఆ మొదట్లోంచే చీమ తలంత చిగుళ్ళు వస్తాయి. వాటిని మొదటిసారి చూసిన పొద్దున నేను వాకిట్లోకి వచ్చి మీ అమ్మను పిలిచిన పిలుపుకు ఏమైందోనని పక్కింటివాళ్ళు కూడా వచ్చారు.

కట్టుబడి నడిచేటప్పుడు నాలుగు సంగతులు మేస్త్రీకి నువ్వే చెప్పాలి, నీ మాటయితే వింటాడు. ఆ పదడుగుల్లో ఇటుకలు, కంకర పోయించొద్దు. సిమెంటు కలిపిన తట్టలు అక్కడ కడగొద్దు, ఆ సున్నపు నీరు వేళ్ళకు దిగితే మొక్క బతకదు. గోడలకు నీళ్ళు కొట్టేటప్పుడు ఆ నీరు అటు పారకుండా చిన్న గట్టు వెయ్యాలి, నెలల తరబడి తడి నిలిస్తే మొదళ్ళు కుళ్ళుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, గదుల కింద నింపడానికి ఇసుక కావాలని ఆ ముక్కలోంచి తవ్వుతారు. దగ్గర్లో ఉంది కదా అని ఎవరికైనా చెయ్యి అటే పోతుంది. తవ్వితే పై బెత్తెడుతో మొదళ్ళన్నీ పోతాయి. నింపుడు ఇసుకకు డబ్బులు నేనిస్తాను.

బుడ్డోడు తన బాల్కనీలో కూడా కావాలన్నాడు. వాడి కోసం ఓ ఇరవై గింజలు వేరే చిన్న పొట్లంలో కట్టాను. తొట్టి అడుగున్నర లోతుండాలి, వెడల్పు ఎంతైనా పర్వాలేదు, కింద చిల్లులు తప్పనిసరి. మూడు వంతులు ముతక ఇసుక, ఒక వంతు మట్టి. రోబో శాండ్ దుమ్ము కలపొద్దు, తడిసి ఆరితే గట్టిగా బిగుసుకుంటుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ తగలాలి. నీడలో పెడితే సాగుతుంది గానీ పువ్వు విప్పదు. వాడు బడికి వెళ్ళేలోపు పువ్వు విచ్చుకుంటుందో లేదో చూసి నాకు చెప్పమను. చిన్న తేనెటీగలు, నేలకు దగ్గరగా ఎగిరే బుల్లి నీలం సీతాకోకచిలుకలు ఇక్కడ వస్తాయి. మీ మూడో అంతస్తుకు వస్తాయేమో వాడినే కనిపెట్టమను. మందుకని ఎవరైనా ఆకు నూరి తాగమంటే మాత్రం వద్దు, వైద్యుడు చెప్పనిదే నోట్లో పెట్టుకోవద్దు.

మీ అమ్మ ఒక మాట రాయమంటోంది. ఇంటి ప్లానులో తూర్పు పక్క కిటికీ రెండడుగులు కిందికి దించి పెట్టించమంటోంది. కింద కూర్చుని కూరగాయలు తరుక్కుంటూ పూలు చూడొచ్చట. అల్లుడుగారిని అడుగు, కుదిరితేనే.

నేను ఇవాళ తెల్లవారగానే నాలుగు మూలలా తాటి మట్టలు పాతి నైలాన్ తాడు కట్టాను. తాడుకు ఎర్రగుడ్డ పీలికలు వేలాడదీశాను, ట్రాక్టరు వాడికి దూరం నుంచే కనిపించాలని. వచ్చే ఆదివారం మేస్త్రీ కొలతలకు వస్తానన్నాడట కదా. మధ్యాహ్నం భోంచేసి వస్తాడేమో, అప్పుడొస్తే లాభం లేదు. నువ్వు ఫోను చేసి పొద్దున ఎనిమిదింటికల్లా రమ్మను. ఈ నెలంతా ఇంకా పూత ఉంటుంది. తాడు దగ్గర నిలబెట్టి చూపిస్తాను.

మీ నాన్న